మెత్తని ఆసనము

మోకాళ్ళు వంగని వృద్ధులు భగవంతుని యెదుట ఏ రీతిగా కూర్చుండవలెనను ప్రశ్న నేడు మన యిండ్లలో తఱచుగా వినవచ్చుచున్నది. వ్రతము జరుగునపుడును, పురాణ కాలక్షేపము సాగునపుడును, సంధ్యావందనమునకో జపమునకో పూనుకొన్నపుడును, నేలపై పీట వైచుకొని బాసింపట్టు వైచి కూర్చుండుట తాతల నాటినుండి వచ్చిన పద్ధతి. ఆ పద్ధతి తప్పినచో కర్మకు లోపము కలుగునేమో యను భీతిచేత, కీళ్ళరిగి కాళ్ళు బిగిసికొన్న పెద్దలు ఎందఱో బాధను పంటిబిగువున అణచికొని నేలమీదనే చతికిలబడుచున్నారు. లేచునపుడు గోడను, గడపను, మనుమని భుజమును పట్టుకొని లేచుచున్నారు. అంతకంటె విచారింపవలసినది మఱియొకటి కలదు: ఎత్తైన ఆసనముపై కూర్చుండి పూజ చేయుట అపచారమని తలచి కొందఱు పూజనే మానివేయుచున్నారు. జీవితమంతయు నామస్మరణమున గడపినవారు, చరమదశలో ఎముకల నొప్పి కారణముగా దేవుని గది గడపకు వెలుపలనే నిలిచిపోవుట ఏ శాస్త్రమునకు సమ్మతము?

ప్రశ్న చిన్నదిగా కన్పట్టును గాని దీని వెనుక పెద్ద ప్రశ్న యొకటి యున్నది. దేహమునకు సుఖము కలిగించుట ఆత్మసాధనకు విఘాతమా? మెత్తదనము దోషమా, కటికనేల పుణ్యమా? భారతదేశపు మతములయందు ఈ వాదము రెండువేల యేండ్లకు పైగా నడచుచునే యున్నది. అదియును కేవల తర్కముగా నడువలేదు, మంచపుకోళ్ళ పొడవును పరుపులోని దూదిని ముందు పెట్టుకొని నడచినది. కావున ఇంటిలో స్వహస్తములతో మెత్త వైచిన బల్లనొకదానిని చేయబూనినవాడు, తెలిసియో తెలియకయో, ఆ వాదమున ఒక పక్షమును వహించుచున్నాడు. నేను మా యింటి పెద్దల కొఱకు అట్టి బల్లనొకదానిని చేసి దేవుని గదిలో నుంచితిని. నేను వహించిన పక్షమేదో, ఎందువలననో ఇచట చెప్పదలచితిని.

బల్ల రూపము వడ్రంగుల కోతబల్లనుండి గ్రహించినది. రంపముతో కోయునపుడు కలపను నేలనుండి ఎత్తిపట్టుటకు వడ్రంగి క్రింద పెట్టుకొను నాలుగుకాళ్ళ సాధనమును అందఱును చూచియే యుందురు: నడుమ నొక దూలము, దాని రెండు కొనలయందును జంటలుగా కాళ్ళు, ఆ కాళ్ళు నిట్టనిలువుగా నుండక క్రిందికి పోయినకొలది వెలుపలికి వాలియుండును. ఆ వాలులోనే దాని బలమంతయు నున్నది. వృద్ధుడు కూర్చుండునపుడు తిన్నగా దిగడు. ఒక చేతిని అంచున మోపి, బరువంతయు ఆ ప్రక్కకే వైచి, నెమ్మదిగా ఒఱగి కూర్చుండును. నిలువుకాళ్ళ పీట ఆ ప్రక్కబరువునకు దొర్లిపోవును. కాళ్ళు వెలికి చాచిన కోతబల్ల కదలదు. నిలువునుండి 15 డిగ్రీల మేర వాల్చినను చాలును. అంతకు మించినచో ప్రక్కనుండి నడచువారి పాదములకు తగులును. ఎత్తు, మెత్తతో కలిపి, 18 అంగుళములు. వెడల్పు 14 అంగుళములు. పొడవు 4 అడుగులు, అనగా దంపతులిద్దఱు ప్రక్కప్రక్కన కూర్చుండి వ్రతము చేసికొనుటకు చాలునంత. కాళ్ళకు తుమ్మ గాని వేప గాని చాలును. పైపలకకు చేవగల టేకు మేలు. కాలితలను కుసిగా చెక్కి, దూలమున ఏటవాలుగా బెజ్జము తొలిచి దిగగొట్టవలెను. మేకులతో బిగించిన కాలు కొంతకాలమునకు వదులగును, చక్కగా కుదిరిన కుసి వదలదు. పలక అడుగును చిత్రిక పట్టుట వ్యర్థశ్రమ యని కొందఱందురు. నేనట్లు తలపను. లేచునపుడు వృద్ధుల వ్రేళ్ళు పట్టుకొనునది ఆ యడుగునే; అచట కొయ్యపేడు లేచియున్నచో, వయసుతో పలుచబడిన చర్మమున నాటుకొనును.

మెత్త వైచుట వేఱొక విద్య. పలకపై మొదట కొబ్బరిపీచు, దానిపై ఏకిన దూది, దూదిపై ముతకగుడ్డ, అన్నిటికిని పైన కంటికి కనబడు గుడ్డ. పీచు గట్టిది, బరువునకు త్వరగా అణగిపోదు, గాలి నాడనిచ్చును. దూది ఆ పీచు గరుకును కప్పును. ముతకగుడ్డ దూదిని చెదరనీయదు. ఈ వరుస తప్పి దూది అడుగునకును పీచు పైకిని వచ్చినచో ఎంత కూరినను కూర్చున్నవానికి గ్రుచ్చుకొనుచునే యుండును. గుడ్డను బిగించునపుడు ఒక కొన మొదలుపెట్టి రెండవ కొనకు పోరాదు. నాలుగు ప్రక్కలకును నడుమ మొదట నొక్కొక్క మేకు కొట్టి, ఎదురెదురుగా లాగుచు, మూలలకు చివరన రావలెను. లేనిచో గుడ్డ ఒక దిక్కునకు ముడుతలు పడి, ఆ ముడుతయే కూర్చున్నవాని ధ్యాసను లాగుచుండును. పలక అంచులను గుండ్రముగా అరగదీయుట మఱువరాదు. బజారున దొరకు ఫోముతోనైనను పని జరుగును గాని, పీచును దూదియు నాకు ప్రియములు; వానిని ఎప్పటికప్పుడు విప్పి, ఎండలో వైచి, దూదేకువారిచేత మఱల ఏకించి కూర్చుకొనవచ్చును.

ఈ పొరల వరుసను గూర్చి ఇంతగా చెప్పుటకు కారణము కలదు. భగవద్గీత ఆఱవ అధ్యాయమున 11వ శ్లోకము ధ్యానమునకు కూర్చుండువాని ఆసనమును వర్ణించును. శుచియైన ప్రదేశమున, మిక్కిలి ఎత్తును మిక్కిలి పల్లమును గాక, కదలనిదై, వస్త్రము, అజినము, కుశలు గలదై యుండవలెనని దాని తాత్పర్యము. శంకరభగవత్పాదులు భాష్యమున ఇచట ఆగి, శ్లోకమున పేర్కొన్న వరుసను తలక్రిందుగా గ్రహింపవలెనని వివరించిరి: అడుగున దర్భలు, వానిపై చర్మము, పైన వస్త్రము. బ్రహ్మమొక్కటియే సత్యమని లోకమునకు బోధించిన మహనీయుడు, ఆసనపు పొరలలో ఏది క్రిందనుండవలెనో ఏది పైనుండవలెనో చెప్పుటకు కాలము వెచ్చించుట తలచుకొన్నపుడెల్ల నా హృదయము ఆర్ద్రమగును. గట్టిగా నిలుచు గడ్డి అడుగున, మృదువైన చర్మము నడుమ, ఒంటికి హాయియైన వస్త్రము పైన: ఇది మెత్త వైచువారి వరుసయే. భగవానుడు కటికనేలను విధింపలేదు. మూడు పొరల మెత్తను విధించినాడు. ఆ మూడింటిలో అజినమునకు నేడు తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కృష్ణజింకకు అత్యున్నత రక్షణ కల్పించినది. దాని చర్మమును కొనుటయు అమ్ముటయు నేరము. ఆ లోటును దూది తీర్చును, జింకకు ప్రాణము దక్కును. ఇంతకంటె ధర్మ్యమైన మార్పు మఱియేమి కావలెను?

మిక్కిలి ఎత్తు, మిక్కిలి పల్లము అనునవి ఎవరి కొలతతో కొలువవలెను? శ్లోకము అంగుళములు చెప్పలేదు. కూర్చుండువాని దేహమే ఇచట కొలబద్ద యగును. యౌవనమున నున్న బ్రహ్మచారికి నేల పల్లము కాదు. డెబ్బదియైదేండ్ల అవ్వకు, కూర్చుండినచో లేవరాని నేల మిక్కిలి పల్లమే. ఆసనము స్థిరముగా నుండవలెనని గీత కోరినది. పూజ ముగిసిన పిమ్మట ఎట్లు లేతునో, ఎవరిని పిలుతునో యని లోలోపల చింతించుచు కూర్చున్నవారికి స్థిరత్వ మెక్కడనుండి వచ్చును?

ఎదుటి పక్షమును తేలికగా త్రోసివేయుట న్యాయము గాదు. అది బలమైనది, పూజ్యులైనవారు నిలిపినది. బౌద్ధ భిక్షువుల నియమగ్రంథమగు వినయపిటకములోని పాచిత్తియ నియమములలో 87వది, క్రొత్తగా మంచము గాని పీఠము గాని చేయించుకొను భిక్షువు దాని కోళ్ళను ఎనిమిది సుగతాంగుళములకు, అనగా బుద్ధుని వ్రేలి కొలతతో ఎనిమిది అంగుళములకు, మించనీయరాదని, మించినచో కోసివేయవలెనని శాసించును. 88వది మఱింత తీవ్రమైనది: దూది కూరిన మంచమును గాని పీఠమును గాని చేయించుకొన్నచో, ఆ దూదిని పెఱికివైచి తప్పు నొప్పుకొనవలెను. దూది కూరిన పీఠము! నేను చేసిన బల్ల అక్షరాల అదియే. తథాగతుని ధర్మమునందు గౌరవము గల యెవ్వడును ఈ నియమమును చదివి, సుత్తి చేతబట్టి, నిశ్చింతగా మేకులు కొట్టలేడు.

అయితే నియమము పుట్టిన సందర్భమును గూడ వినయమే చెప్పుచున్నది. షడ్వర్గీయులను భిక్షువులు దూది కూరిన మంచములను పీఠములను చేయించుకొనగా, విహారములను చూడవచ్చిన జనులు, వీరు కామభోగులైన గృహస్థులవలె నున్నారని నిందించిరి. నేరము దూదియందు లేదు. పరులు పెట్టిన భిక్షతో బ్రదుకువాడు, తనకు అన్నము పెట్టువానికి లేని వైభవమును తాననుభవించుటయందు నేరమున్నది. ఆ వినయమునందే దూదిని విడదీసి తలగడ కుట్టుకొనుటకు అనుమతి కలదు. అది తలకు సరిపడునంతయే యుండవలెనని కొలతయు కలదు. ఉన్ని, గుడ్డ, నార, గడ్డి, ఆకులు అను ఐదింటితో పరుపులు కూరుకొనవచ్చునని మఱియొక అనుమతి కలదు. విశ్రాంతికి చాలునంత ఒప్పుకొని, ఆడంబరమునకు చాలునంత నిషేధించిన ఈ వివేకమును చూడుడు! దూదిని శత్రువుగా నెంచినవారు ఇట్టి సూక్ష్మమైన గీతను గీయజాలరు.

సోణ కోళివిసుని వృత్తాంతమును గూడ ఇచట స్మరింపవలెను. చంపానగరమున భాగ్యవంతుల యింట పుట్టి, అరికాళ్ళయందును రోమములు మొలచునంతటి సౌకుమార్యమున పెరిగిన ఆ యువకుడు భిక్షువై, విరామము లేక చంక్రమణము చేయగా పాదములు చిట్లి, నడచిన త్రోవ నెత్తురుతో తడిసెను. సాధన ఫలింపలేదని అతడు నిరాశపడుచుండగా బుద్ధుడు వచ్చి, పూర్వము నీవు వాయించిన వీణకు తంత్రి మిక్కిలి బిగిసినను మిక్కిలి సడలినను నాదము పలికినదా యని అడిగెను. ఈ మాట లోకమున ప్రసిద్ధమైనది. తరువాత జరిగినది అంతగా ప్రసిద్ధము కాలేదు గాని నాకదియే ముఖ్యముగా తోచును. ఆ సుకుమారునకు ఒంటియట్ట పాదరక్షలను అనుమతింపగా, అతడు తనకొక్కనికే యైనచో వలదని, సంఘమున కంతటికిని అనుమతించినచో తానును ధరింతునని విన్నవించెను. బుద్ధుడు అట్లే సంఘమునకంతకును అనుమతించెను. నెత్తురోడు పాదములతో నుండియు, తనకు మాత్రమే దొరకు ఉపశమమును అతడు స్వీకరింపలేదు. అందఱికిని దక్కిన పిమ్మట స్వీకరించెను. సుఖమును ధర్మముగా మార్చు ద్వారము ఇచట తెఱచికొన్నదని నా నమ్మకము.

మన కృష్ణాతీరమున అమరావతి స్తూపశిల్పములను చూచినవారికి వేఱొక దృశ్యము పరిచితమై యుండును. బుద్ధుని మానవరూపమున చూపని ఫలకములయందు ఆయన స్థానమున శూన్యమైన సింహాసనము కనబడును. దానిపై మెత్తలు, దాని ముందు పాదపీఠముపై పాదముద్రలు, చుట్టును చేతులు మోడ్చిన జనులు. తన శిష్యులకు దూది పీఠమును నిషేధించిన గురువునకు, ఆ శిల్పులు కఠినశిలలో మెత్తను మలచి సమర్పించిరి. ఇందు వైరుధ్యము చూచువారు చూతురు గాక. నాకు మాత్రము ఇచటనే సమాధానము లభించినది. తనకై తాను కూడబెట్టుకొన్న మెత్తదనము వేఱు, పూజ్యులకై పఱచిన మెత్తదనము వేఱు. షోడశోపచారములలో ఆవాహనము చేసిన వెంటనే, పాదములు కడుగుటకు ముందే, మనము దేవునికి ఆసనము సమర్పించుచున్నాము. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించుకొని వెడలు శిష్యునకు గురువు చెప్పు మాటలలో, శ్రేష్ఠులైనవారు వచ్చినపుడు ఆసనమిచ్చి వారి అలసటను తీర్పవలెనని యొక ఆదేశమున్నది. కూర్చుండుటకు గడ్డియు చోటును, త్రాగుటకు నీరును, ఒక మంచిమాటయు సజ్జనుల యింట ఏనాడును కొఱవడవని మనువు చెప్పెను. అతిథికి పఱచు ఆ గడ్డి, మోకాళ్ళరిగిన మన తల్లికి పఱచు దూదిగా మారినచో ధర్మము చెడునా?

ఇంతవరకు చెప్పినది కూర్చుండబెట్టువాని ధర్మము. కూర్చున్నవాని సాధనకు ఆ మెత్త మేలో కీడో తేల్పవలసియున్నది. బ్రహ్మసూత్రములయందు నాలుగవ అధ్యాయము మొదటి పాదములోని 7వ సూత్రము ఉపాసనను కూర్చుండియే చేయవలెనని నిర్ణయించినది. ఎందులకు? భాష్యకారులు చెప్పిన కారణములు అనుభవమునుండి పుట్టినవి. నడచువాని, పరుగిడువాని చిత్తము చెదరును. నిలుచున్నవాని మనస్సు దేహమును నిలబెట్టుకొనుటయందే తగుల్కొని యుండును. పండుకొన్నవానిని ఉన్నట్లుండి నిద్ర ముంచివేయును. కూర్చున్నవానికి ఈ బాధలు లేవు. ఇట్లు శాస్త్రము కూర్చుండుటను మెచ్చుకొన్నది దేహము మనస్సును విడిచిపెట్టునను హేతువుచేతనే. మోకాలిలో శూలమువంటి నొప్పితో నేలపై కూర్చున్నవాని మనస్సు ఎచట నుండును? నిలుచున్నవాని మనస్సువలెనే దేహమున తగుల్కొని యుండును. అతడు కూర్చున్నట్లు కన్పట్టుచున్నను సూత్రకారుడు కోరిన కూర్చుండుట అతనికి దక్కలేదు. ఆ పాదముననే 11వ సూత్రము, ఏకాగ్రత ఎచట కుదురునో అచటనే ఉపాసన చేయవలెనని, విశేషనియమము వేఱొకటి లేదని తీర్మానించినది. భాష్యము దీనిని దిక్కునకు, దేశమునకు, కాలమునకు అన్వయించినది. ఆసనపు ఎత్తునకును మెత్తకును ఇదే న్యాయము చెల్లునని నేను భావించుచున్నాను.

పతంజలి యోగసూత్రముల రెండవ పాదమున 46వ సూత్రము ఆసనమునకు రెండే లక్షణములు చెప్పినది: స్థిరత్వము, సుఖము. తరువాతి సూత్రము ప్రయత్నమును సడలించుటచేత అది సిద్ధించునని, ఆ తరువాతిది అట్లు సిద్ధించినవానిని శీతోష్ణాది ద్వంద్వములు బాధింపవని చెప్పును. సుఖమను మాటను చెప్పుటకు యోగశాస్త్రకర్త సంకోచింపలేదు. వ్యాసభాష్యము పేర్కొన్న ఆసనములలో పద్మాసనాదులతో పాటు సోపాశ్రయమనునది యొకటి యున్నది. ఆధారముతో కూడిన ఆసనమది. వాచస్పతిమిశ్రుడు దానిని యోగపట్టముతో కూడినదిగా వివరించెను. మోకాళ్ళకును నడుమునకును చుట్టి, వదలిపోనీయక పట్టియుంచు వస్త్రపుపట్టయే యోగపట్టము. 1528లో శ్రీకృష్ణదేవరాయలు హంపిలో ఒకే శిలనుండి మలపించిన నరసింహమూర్తిని దర్శించినవారు ఆ పట్టను మోకాళ్ళచుట్టు చూచియుందురు. హిరణ్యకశిపుని చీల్చిన స్వామి యోగమున కూర్చుండినపుడు మోకాళ్ళకు పట్టను ధరించియున్నాడు. ఆధారము గైకొనుట సాధకునకు న్యూనతయైనచో, దానిని స్వామి విగ్రహముననే చెక్కి మన కండ్ల యెదుట నిలుపుదురా?

కాఠిన్యమే తపస్సను భ్రాంతిని గీతయే పదునేడవ అధ్యాయమున ఖండించినది. శాస్త్రవిహితము గాని ఘోరతపస్సులచేత శరీరమందలి భూతములను కృశింపజేయువారు లోపలనున్న తననే బాధించుచున్నారని భగవానుని మాట. ఇతర మతములును ఈ యెఱుక లేనివి గావు. వ్యాధిపీడితుడైన ఒక అనుచరుడు ప్రార్థనను గూర్చి అడుగగా, ఇస్లాము ప్రవక్త నిలుచుండి చేయుమని, చేతకానిచో కూర్చుండి, అదియును చేతకానిచో ప్రక్కకు ఒత్తిగిలి చేయుమని చెప్పినట్లు హదీసులయందున్నది. ఐరోపాలోని పాతమఠముల ఆలయములలో, గంటలకొలది నిలుచుండి స్తోత్రములు పాడు సన్న్యాసుల కొఱకు, మడిచిన పీఠముల అడుగున చిన్న దిమ్మెలు అమర్చిరి. నిలుచున్నట్లే నిలుచుండి, దానిపై నడుమును ఆనించి వారు విశ్రమించెడివారు.

ఇంత చెప్పియు, మెత్తదనమున అపాయము లేదని నేననను. పండుకొన్నవానికి నిద్ర వచ్చునన్న భాష్యవాక్యము మితిమీఱిన మెత్తకును వర్తించును. దిగబడిపోవు పరుపుపై వెన్ను వంగును, ఊపిరి కుంచించుకొనిపోవును, జపమాల చేతనుండి జాఱును. శిరస్సు, కంఠము, కాయము తిన్నగా నుండవలెనని గీత చెప్పినదానికి హేతువిదియే. కావున మెత్తను కొలతతో వైచితిని: కూర్చున్న పిమ్మట పిరుదుల ఎముకలకు క్రింద కొయ్య యున్నదని తెలియవలెను, ఆ కొయ్య నొప్పింపరాదు. పీచు, దూది కలిసి రెండంగుళములు చాలును. వెనుక ఆనుకొనుటకు పలక అమర్పలేదు; తానై నిలువగల వెన్నునకు అది అవసరము లేదు. నిలువలేని వెన్ను గలవారికి బల్లను గోడకు చేర్చినచో చాలును. పొట్టివారి పాదములు గాలిలో వ్రేలాడినచో తొడలు తిమ్మిరెక్కును, కనుక చిన్న పాదపీఠమొకటి తప్పదు; అమరావతి శిల్పులు సింహాసనము ముందు దానిని మఱువలేదు. ఆసనము తన్ను మఱపింపవలెను. కటికనేల నొప్పితో దేహమును గుర్తుచేయును, మితిమీఱిన పరుపు మత్తుతో దేహముననే ముంచును. రెండింటియందును భగవంతుడు దూరమగుచున్నాడు.

దేవునికంటె ఎత్తున కూర్చుండుట అపచారము గదా యని పెద్దలు ఒక శంకను తప్పక లేవనెత్తుదురు. ఈ శంక భక్తినుండి పుట్టినది, దీనిని గౌరవింపవలెను. చాలా యిండ్లలో దేవుని పీఠము నేలకు జానెడెత్తున నుండును. దాని ముందు 18 అంగుళముల బల్లపై కూర్చున్నచో నిజముగానే స్వామి పాదములు మన మోకాళ్ళకు దిగువ నుండును. దీనికి ఉపాయము స్పష్టము. స్వామి పీఠమును పైకెత్తుడు. కూర్చున్నవారి ఱొమ్మునకు సరిగా గోడకు బలమైన పలక నమర్చి దానిపై మూర్తులను, దీపమును నిలిపినచో మర్యాదయు నిలుచును, ముఖదర్శనమును చక్కగా నగును, పుష్పము వేయుటకు వంగవలసిన పనియు తప్పును. వృద్ధులను క్రిందికి దింపుటకంటె దేవుని పైకెత్తుట సులభము, యుక్తము.

చేయుపని సాధనలో భాగమా, సాధనకు ముందు జరుగు సన్నాహము మాత్రమేనా యని అడుగవచ్చును. వరాహమిహిరుడు బృహత్సంహితలో శయ్యాసనములకొక అధ్యాయమునే కేటాయించి, టేకు, శింశుప, చందనము మొదలగు వృక్షములను మెచ్చి, పిడుగుపాటునకో వరదకో గాలికో కూలిన చెట్టును వలదనెను. ప్రతిమకై చెట్టును కొట్టునపుడు అందు నివసించు భూతములకు బలి నిచ్చి, వేఱొక చోటికి వెడలుడని ప్రార్థింపవలెనని గూడ విధించెను. కొయ్యను ముట్టుకొనుటకు ముందే ఆ కొయ్య ఎవరి నివాసమో తలచుకొనుమను ఈ భావన నాకు పరమపవిత్రముగా తోచును. ఉలి పట్టినవాడు తాను కూర్చుండుటకు గాక, కూర్చుండవలసిన వృద్ధుని మోకాలిని, వ్రేలిని, వెన్నును తలచుచు కొలతలు తీయునపుడు, అతని చిత్తము పరునియందు నిలిచియున్నది. దీనిని సాధన యనుటకు నాకు సంశయము లేదు.

పాఠకులకు ఒక్క విన్నపము. మీ యింట నేలపై కూర్చుండలేక పూజ మానుకొన్న పెద్దలున్నచో వారికి ఈ నెలలోనే ఇట్టి బల్లనొకదానిని చేయించి యిండు. అంతటితో ఆగవలదు, సోణుడు కోరినట్లు అది అందఱికిని దక్కవలెను. మీ గ్రామములోని దేవాలయ మండపమున, భజనమందిరమున, పురాణము చెప్పు చోట, ఒక ప్రక్కన రెండు బల్లలు వేయించుడు. కార్తికమాసమునకు ముందే ధర్మకర్తలతో ప్రస్తావించి అనుమతి తీసికొనుడు. వడ్రంగితో మొదటనే చెప్పవలసిన కొలతలు మూడు: మెత్తతో కలిపి ఎత్తు 18 అంగుళములు, మెత్త మందము రెండంగుళములు, కాళ్ళ వాలు 15 డిగ్రీలు.